నీళ్లమీది మాట

నిన్న మధ్యాహ్నం వాన వెలిసిన తర్వాత మా షోరూం ముందు ఒక పాత ట్రాక్టర్ ఆగిపోయింది. నేను కోరుట్లలో ఎలక్ట్రిక్ స్కూటర్లు అమ్మేచోట బిల్లులు రాస్తాను. ఇక్కడ కొత్త ప్లాస్టిక్ వాసన తప్ప వేరే వాసన ఉండదు. ట్రాక్టర్ మనిషి బ్యాటరీ మూతలు ఒక్కొక్కటే విప్పి లోపల నీళ్లు చూసుకుంటున్నాడు. ఎవరో లోపలికి వస్తూ తలుపు తెరిచారు. ఆ సందులోంచి పుల్లగా, ముక్కును గీరే వాసన వచ్చింది. యాసిడ్ వాసన. పక్క సీటు అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం బిల్లు సగంలో ఆపి ఊపిరి లోపలికి తీసుకున్నాను. తలుపు మూసుకుపోయాక కూడా చాలాసేపు ఆ వాసన నా చుట్టూనే ఉన్నట్టనిపించింది.

జగిత్యాలలో ధర్మపురి వైపు పోయే దారిలో ఒక ఇరుకు మడిగె ఉండేది. ఇప్పుడు అందులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నేను డిగ్రీ అయిపోయి అక్కడ చేరిన రోజుల్లో ముందు వరసలో కొత్త బ్యాటరీలు, వెనక చీకట్లో చార్జింగుకు పెట్టిన పాతవి, వాటి మధ్య నా చిన్న టేబుల్ ఉండేవి. యజమాని లక్ష్మీరాజం సారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆయన చొక్కాలన్నిటికీ యాసిడ్ చుక్కలు పడి జల్లెడలాగా చిల్లులు. ఎవరైనా అంటే, "నాకు ఫ్యాన్ అక్కర్లేదయ్యా, బట్టలల్లనే గాలాడ్తది" అనేవారు. నన్ను చేర్చడానికి మా బాపు వచ్చాడు. "పిల్ల ఎక్కువ మాట్లాడది సార్, పని మాత్రం సక్కగ చేస్తది" అన్నాడు, నాలో ఉన్న లోపాన్ని ముందే ఒప్పేసుకున్నట్టు. సారు నన్ను ఒకసారి చూసి, "ఏం పర్వలే. మాట్లాడెటోళ్లతోనే తల పలుగుతున్నది నాకు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు అక్కడ కూర్చునే ధైర్యం వచ్చింది.

బ్యాటరీ కొనడానికి వచ్చినవాళ్లను ఏ షాపులోనైనా బండి ఏది, ఎన్ని ప్లేట్లది కావాలి అని అడుగుతారు. మా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ముందు ప్లేట్ల సంఖ్యే చెప్పేవారు. తర్వాత రెండు చేతులతో లేపి బరువు చూసేవారు. బరువుంటేనే బలమున్నట్టు. సారు అవన్నీ విని, చివరికి ఒకటే అడిగేవారు. "ఇది ఆగిపోతే నువ్వు యాడ ఉంటవ్?" పొలం దగ్గర ఉంటానని సారంగాపూర్ రైతు చెబితే ఒక రకం, ఆస్పత్రికి పోయే తొవ్వలో ఉంటానని ఆటో అతను చెబితే ఇంకో రకం చూపించేవారు. రాయికల్ నుంచి ఒకామె ఇన్వర్టర్ బ్యాటరీ కోసం వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. ఆ ప్రశ్నకు ఆమె నవ్వి, "యాడుంట సారూ, నా ఇంట్లనే ఉంట. చీకట్ల గూడ చుడ్త. నా చేతి ఏళ్లకు కండ్లున్నయ్" అంది. సారు పెద్ద బ్యాటరీ మీద పెట్టిన చెయ్యి తీసేసి చిన్నది చూపించారు. ఆమె వెళ్లిపోయాక నాతో, "ఆమెకు చీకటంటె భయం లేదు బిడ్డా. ఊకె బరువు అంటగట్టుడెందుకు" అన్నారు.

నేను గ్రంథాలయం నుంచి నవలలు తెచ్చుకుని టేబుల్ కింద దాచుకుని చదివేదాన్ని. కొద్ది రోజులకే ఆయన కనిపెట్టేశారు. తిడతారని ఆ సాయంత్రమంతా తల దించుకుని కూర్చున్నాను. మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తుతూ, "నిన్నటి మనిషి ఏమైండు?" అన్నారు. ఏ మనిషో నాకు అర్థం కాలేదు. "గదే, నీ టేబుల్ కింద దాసుకున్నోడు" అన్నారు. అప్పటి నుంచి అది రోజూ ఉండేది. నీళ్లు చల్లి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించి, కథ ఎంతదాకా వచ్చిందో అడిగేవారు. రోజు మొత్తంలో నేను నోరు విప్పి మాట్లాడేది ఆ కాసేపే. ఒక కథలో మంచి మనిషి ఉన్నట్టుండి చచ్చిపోతే ఆయనకు కోపం చాలా రోజులు తగ్గలేదు. "ముందుగాల ఒక మాటన్న చెప్పాలె గద. దగ్గన్న పెట్టాలె, జరమన్న పెట్టాలె. నవ్వుకుంట పోయెటోన్ని గట్లనే సంపుతరా?" అని ఆ రాసినాయన్ను తిడుతూనే ఉన్నారు.

లిథియం బ్యాటరీలు అమ్మకానికి వచ్చినప్పుడు కూడా ఆయనకు అదే కోపం. కంపెనీ మనిషి ఒకదాన్ని తెచ్చి టేబుల్ మీద పెడితే సారు ఒంటిచేత్తో లేపి చూసి, "గిది బ్యాటరీనా, సద్ది డబ్బనా?" అన్నారు. వచ్చినవాళ్లు దాన్ని పొడి బ్యాటరీ అనడం మొదలుపెట్టారు. పాతది నీళ్ల బ్యాటరీ. పొడిదానికి నీళ్లు పోసే పని లేదు, తొందరగా చార్జ్ అవుతుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది. నేను ఫోన్‌లో చదివి అవన్నీ మెల్లగా ఆయనకు చెప్పాను. ఏదీ కాదనలేదు. "అన్ని మంచిగనే ఉన్నయ్ బిడ్డా. నీళ్ల బ్యాటరీ పానం పోయేముందు మూలుగుతది. లైటు పచ్చవడ్తది, హారన్ గొంతు రాసుకపోతది. ఇంటికి పో అని మనకు చెప్తది. గిది ఆఖరి చుక్క దాక అట్లనే ఉరుకుతది. ఉరికి ఉరికి టక్కున ఆగుతది. చెప్పకుండ పోయెటోళ్లతోని నాకు పడది" అన్నారు. అయినా కొన్ని కొని అర మీద పెట్టారు. కాలాన్ని కాదని షాపు నడపలేమని ఆయనకు తెలుసు.

లచ్చవ్వ, ఆమె మొగుడు నర్సయ్య మా షాపు మెట్లెక్కింది ఆ రోజుల్లోనే. వాళ్లది సిరిసిల్ల అవతల, మానేరు మీద డ్యాం కట్టాక నీళ్లు ఆగిన చోట. లచ్చవ్వ తల్లిగారిల్లు రాయికల్. ఆమె తమ్ముడు తన ట్రాక్టర్ బ్యాటరీ మా దగ్గరే కొనేవాడు, అతనే పంపించాడు. నర్సయ్యకు అంతకుముందు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. తెడ్డు పట్టలేడు. చేపల సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. వాటా ఉన్న మనిషి తానే నీళ్లమీదికి పోవాలి. పోలేకపోతే వాటా ఇంకొకరికి పోతుంది. కొడుకుల్లేరు. ఉన్న కూతురిని ఎక్కడికో ఇచ్చారు. అందుకని పడవ వెనక తగిలించే చిన్న కరెంటు మోటారు ఒకటి పాతది సంపాదించుకున్నారు. ఇక బ్యాటరీ కావాలి. మోటారు నడిస్తే నర్సయ్య పడవలో కూర్చుంటాడు, లచ్చవ్వ వలలు లాగుతుంది, వాటా నిలుస్తుంది. లేదంటే లేదు.

"ఎన్ని ప్లేట్లది కావాలె?" అని సారు అలవాటుగా అన్నారు.

"కంచాలు మా ఇంట్ల ఉన్నయ్ సారూ, బ్యాటరీ సూపియ్యి" అంది లచ్చవ్వ. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె నా వైపు తిరిగి, "నవ్వుతె మంచిగున్నది బిడ్డ. మరెందుకట్ల ముడుసుకొని కూసుంటది?" అని సారును అడిగింది, నేను అక్కడ లేనట్టు.

సారు తన ప్రశ్న అడిగారు. ఆగిపోతే యాడ ఉంటవ్? నర్సయ్య ఎడమచేత్తో తల గోక్కుని, "నీళ్ల నడుమ ఉంట. ఇంకేడుంట" అన్నాడు. సారు నవ్వలేదు. లోపలికి వెళ్లి రెండు బ్యాటరీలూ తెచ్చి వాళ్ల ముందు పెట్టి, చూస్తూ నిలబడ్డారు. ఇక్కడ తేల్చేది కాదని చివరికి అన్నారు. పడవను చూడాలన్నారు.

మా మేనత్త ఇల్లు సిరిసిల్లలో. ఆమెను చూసి చాలా కాలమైందంటే సారు ట్రాలీ ఆటోలో నన్ను కూడా ఎక్కించుకున్నారు. వెనక రెండు బ్యాటరీలు, నీళ్లది, పొడిది. దారి పొడుగునా తాటిచెట్లు. ఒకచోట ఒకతను మోకు కట్టుకుని చెట్టు దిగుతున్నాడు. సారు బండి నెమ్మది చేశారు. వాళ్ల నాన్న కూడా తాళ్లెక్కి కల్లు గీసే మనిషేనని అప్పుడే నాకు తెలిసింది. "మోకు ఒక్కపారే తెగది బిడ్డా. మొదలు ఒక పోగు లేస్తది. చేతికి గరుకుగ తగుల్తది. మా నాయినకు తగిలింది. ఇంటికచ్చినంక మా అవ్వతోని అన్నడు గూడ, మోకు మార్చాలె అని. పొద్దున మళ్ల గదే మోకు కట్టుకొని పోయిండు." ఆ తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కొంతదూరం పోయాక, "చెప్పిన వస్తువును ఇనకపోతే వస్తువుది తప్పు కాదు గద" అన్నారు, నాతో కాదన్నట్టు.

నీళ్ల దగ్గర తారు రోడ్డు నేరుగా లోపలికి దిగిపోయి ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే ఊరు వస్తుందన్నట్టుగా. కరెంటు స్తంభాలు మెడ దాకా మునిగి, వరసగా నిలబడి ఉన్నాయి. ఎండిపోయిన చెట్ల కొమ్మల మీద తెల్లకొంగలు. నర్సయ్య ఒక స్తంభాన్ని చూపించి, "గా కంబం కాడ మా గల్లి. దానికే మా ఇంటి వైరు ఉండె" అన్నాడు మామూలుగా. ఒడ్డు నుంచి వాళ్లుండే కొత్త కాలనీ ఇళ్లు దూరంగా, గుట్ట వాలులో కనిపిస్తున్నాయి. చార్జింగ్ పెట్టాలంటే బ్యాటరీని రోజూ అక్కడిదాకా మోయాలి. వేసవిలో నీళ్లు వెనక్కి పోతే మధ్యలో అంతా బురద.

సారు ముందు నీళ్ల బ్యాటరీనే పడవలో పెట్టించారు. దించడానికి ఆయన, లచ్చవ్వ చెరోపక్క పట్టుకున్నారు. ఆమె మోకాళ్లు రెండుసార్లు మడత పడటం నేను చూశాను, ఆయనా చూశారు. పడవ వెనక భాగం ఒక్కసారిగా కిందికి దిగింది. అంచుకూ నీళ్లకూ మధ్య బెత్తెడు కూడా మిగల్లేదు.

"గిది ఎక్కితె నేను దిగుడే. ఇగ దీనితోనే సంసారం చెయ్యి" అంది లచ్చవ్వ మొగుడితో.

"చేస్త. అది మాట్లాడది గద" అన్నాడు నర్సయ్య.

సారు చాలాసేపు ఒడ్డున కూర్చుని పడవనూ, కాలనీ దారినీ మార్చి మార్చి చూశారు. తర్వాత లేచి నీళ్ల బ్యాటరీని బయటికి తీయించి, పొడిదాన్ని తానే పెట్టి వైర్లు బిగించారు. పడవ తేలికగా లేచింది. మోటారు చప్పుడు దాదాపు లేదు. లచ్చవ్వ మోటారు కట్టె పట్టుకుని తిప్పితే పడవ మునిగిన స్తంభాల మధ్య నుంచి వెళ్లిపోయింది. నర్సయ్య ముందు భాగంలో కూర్చుని ఎడమచెయ్యి నీళ్లలో పెట్టాడు. తిరిగి వచ్చినప్పుడు అతని మొహం నేను మరిచిపోలేను. ఎవరూ చూడటం లేదనుకున్న పిల్లవాడి మొహంలా ఉంది. సారు మాత్రం సంతోషపడలేదు. బ్యాటరీ మీద బిగించిన చిన్న మీటరు చూపించారు. నిండుగా ఉంటే నాలుగు గీతలు, తగ్గిన కొద్దీ ఒక్కో గీత పోతుంది. "ఇది నీకు చెప్పది లచ్చక్కా. నువ్వే సూసుకోవాలె. అలవాటయ్యేదాక నీళ్లమీదికెల్లి నాకు ఫోన్ చెయ్యి. గీతలు చెప్పు. తిరుగుమంటే ఎనక్కి తిరుగు, వలలు ఉంటే ఉన్నయ్, పోతే పోయినయ్." ఆయన గొంతులో ఒక రకమైన బతిమాలడం ఉంది. ఆమె సరేనంది.

అలా ఆ ఫోన్లు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కాస్త ముందు షాపు ఫోన్ మోగేది. నాకు ఫోన్ ఎత్తడం అంటే భయం. మోగగానే సారు చేతికి అందించేదాన్ని. "సారూ, మూడు గీతలు, ఒక మొగడు" అనేది లచ్చవ్వ. ఒకసారి "రెండు గీతలు, ఒక పెద్ద వాలుగ" అంది, ఆ వాలుగ చేపను తమ్ముడితో మా షాపుకు పంపించింది కూడా. అలవాటయ్యాక కూడా ఆమె ఫోన్ చేయడం మానలేదు, ఈయన ఎదురుచూడటం మానలేదు. పొడి బ్యాటరీల మీద ఆయన కోపం కొంచెం తగ్గినట్టే ఉంది. వచ్చినవాళ్లకు, "మీటరు సూసే మనిషి ఇంట్ల ఉన్నడా?" అని అడిగి మరీ ఇచ్చేవారు.

అంతా తలకిందులైన రోజుకు ముందురాత్రి గాలివానకు సిరిసిల్ల వైపు కరెంటు పోయింది. ఆ సంగతి మాకు తెలియదు. లచ్చవ్వ బ్యాటరీ సరిగా చార్జ్ కాలేదు. అయినా వలలు వేసి ఉన్నాయి కాబట్టి ఇద్దరూ బయలుదేరారు. ఫోన్ వచ్చినప్పుడు మా షాపులో జనరేటర్ నడుస్తోంది. వెల్గటూర్ నుంచి వచ్చిన ఒకాయన పాత బ్యాటరీ గురించి గొడవ పెట్టుకుని కౌంటర్ మీద గట్టిగా కొడుతున్నాడు. సారు ఒక చెవి మూసుకుని ఫోన్ పట్టుకున్నారు. నాకు ఆయన వైపు మాటలే వినిపించాయి. "నిండిందా? మంచిది. గట్లయితె ఆవలి వల గూడ తీసుకొనే రాండ్రి." ఫోన్ పెట్టేసి, మళ్లీ ఆ మనిషితో మాటల్లో పడ్డారు.

మర్నాడు పొద్దున రాయికల్ నుంచి లచ్చవ్వ తమ్ముడు వచ్చి చెప్పాడు. ఆవలి వల దాకా పోకముందే మోటారు ఆగిపోయిందట. సాయంత్రం గాలి లేచింది. లచ్చవ్వ ఒక్కతే తెడ్డు వేస్తే పడవ గాలి ఎటు తోస్తే అటు పోయి మునిగిన చెట్ల మొదళ్లలో ఇరుక్కుందట. నర్సయ్య ఉన్న ఒక్క చేత్తో కొమ్మను పట్టుకుని తోయబోయి నీళ్లలో పడ్డాడు. లచ్చవ్వ అతని చొక్కా పట్టుకుని అలాగే ఉండిపోయింది. చీకటి పడుతుండగా వేరే పడవవాళ్లు చూసి ఇద్దర్నీ ఒడ్డుకు చేర్చారు. మనిషి బతికాడు. కాని ఆ చలికో, ఆ భయానికో మంచం పట్టాడు. సారు అంతా విని, "మరి నిండిందన్నది గద" అన్నారు. మళ్లీ అన్నారు.

కొన్నాళ్లకు లచ్చవ్వ స్వయంగా వచ్చింది. పాత చీర ముక్కలో చుట్టి బ్యాటరీని చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. తుడిచి, శుభ్రంగా తెచ్చింది. పడవ ఇచ్చేశామని, వాటా ఇంకొకాయన పేరు మీదికి పోయిందని చెప్పింది. నేను కుర్చీ వేశాను. కూర్చోలేదు. ఆమె నోట్లో ఒక్క పరాచికం లేదు.

"లచ్చక్కా, ఆ రోజు నువ్వు నిండిందంటివి గద" అన్నారు సారు. తప్పు మోపుతున్నట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"నిండుకున్నదన్న సారూ" అందామె. "ఆఖరి గీత గూడ కొట్టుకుంటుండె. నిండుకున్నదని చెప్పిన. నువ్వేమో ఆవలి వల తెమ్మంటివి. సారు చెప్పిండంటె లోపట ఇంక ఎంతో కొంత ఉంటదేమో అనుకున్న, మోటార్ బండికి రిజర్వు ఉన్నట్టు. మోటారు గూడ మంచిగనే ఉరుకుతుండె. ఏం తగ్గలే. నేను నమ్మిన."

సారు రెండు చేతులూ కౌంటర్ మీద పెట్టి, తల వంచి నిలబడ్డారు. "అయిపోయింది, ఒడిసింది అనకపోయినవా అక్కా" అన్నారు.

"నీళ్లమీద ఒడిసింది అంటరా సారూ? మా అత్త నేర్పిన మాట. గంప ఉత్తగుంటె గూడ ఉత్తగున్నది అనద్దు."

ఆయన తల ఊపారు. "మా అవ్వ గూడ గంతే. బియ్యం డబ్బ తట్టి సూసి, నిండుకున్నయ్ బిడ్డా అనేది. మేము పైస పట్టుకొని దుకాణానికి ఉరుకుతుంటిమి." తర్వాత, "బ్యాటరీ చెప్పలే. నువ్వు చెప్పినవ్. నేనే ఇనలే" అన్నారు.

"గాలి ఉండె సారూ" అంది లచ్చవ్వ. ఆయన మీద ఆమెకు కోపం ఉండి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ మాట గురించి నేను చాలా రోజులు డైరీలో రాసుకున్నాను. మన ఇళ్లలో "లేదు" అన్న మాటకు చోటివ్వరు. దీపం ఆరదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. ఖాళీ అయినదాన్ని నిండినట్టు పిలిస్తే అది మళ్లీ నిండుతుందని ఎవరో ఎప్పుడో నమ్మారు. సారు కూడా ఆ మాటతోనే పెరిగారు. కాని మా షాపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా "నిండిందా, నిండలేదా" అంటే చార్జింగ్ సంగతే. అన్నేళ్లు ఆ మడిగెలో కూర్చుని కూర్చుని, తల్లి నోటి మాటను ఆయన చెవి షాపు మాటగా విన్నది. చెప్పి పోయే వస్తువులనే నమ్ముతానన్న మనిషికి చెప్పిన మాట అందలేదు. ఇందులో ఎవరిని తప్పుపట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరినీ తప్పుపట్టలేకపోవడం ఆయనకు ఎక్కువ బరువైందని మాత్రం తెలుసు.

ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. మోగితే నా వైపు తోసి, "నువ్వే ఇను బిడ్డా. నా చెవు మీద నాకు నమ్మకం పోయింది" అనేవారు. నేను భయపడుతూనే ఎత్తేదాన్ని. మొదట్లో అవతలివాళ్లు "ఎవరూ, ఇనవడ్తలేదు" అని పెట్టేసేవారు. మెల్లమెల్లగా అలవాటైంది. పొద్దునపూట కథ అడగడం కూడా తగ్గింది. అడిగినా, నేను చెబుతుంటే మధ్యలో ఆయన చూపు ఎటో పోయేది. లచ్చవ్వ తెచ్చిన బ్యాటరీని ఎవరికీ అమ్మలేదు. ఆమె సిరిసిల్లలో సాంచాల షెడ్డులో, మరమగ్గాలకు కండెలు చుట్టే పనికి పోతోందని మా మేనత్త చెప్పింది. ఆ సంగతి సారుకు చెప్పాను. "కూసొని చేసే పనేనా?" అని మాత్రం అడిగారు.

ఆయనకు కిడ్నీలు చెడిపోయాయని మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. అప్పటిదాకా రోజూ వచ్చి షట్టర్ ఎత్తుతూనే ఉన్నారు. కాళ్లు వాచాయని ఎవరైనా అంటే కొత్త చెప్పుల వల్లేనని చెప్పారు. కరీంనగర్ ఆస్పత్రిలో చేర్చాక మా బాపుతో కలిసి చూడ్డానికి వెళ్లాను. ఆ చిల్లుల చొక్కా లేకుండా ఆస్పత్రి బట్టల్లో ఆయన ఎవరో వేరే మనిషిలా ఉన్నారు. నన్ను చూసి, "నిన్నటి మనిషి ఏమైండు?" అన్నారు. ఇంకా ఉన్నాడని చెప్పాను. బాపు మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లాడు. ఎలా ఉంది సార్ అని అడిగాను. ఆయన నా కళ్లలోకి చూసి, తొందర లేకుండా, "నిండుకున్నది బిడ్డా" అన్నారు. నాకు అర్థమైందా లేదా అని చూస్తూ ఉన్నారు. నేను తలూపాను. ఏదైనా ధైర్యం చెప్పాల్సింది. కాని ఆ మాటను మళ్లీ వేరేలా విన్నట్టు నటించడం నాకు చేతకాలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని, బాపు వచ్చేదాకా కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకుని పడుకున్నారు.

సారు అంత్యక్రియలు అయ్యాక జగిత్యాల బస్టాండులో ఇంటికి పోవడానికి కోరుట్ల బస్సు కోసం నిలబడ్డప్పుడు, లచ్చవ్వకు ఎవరూ చెప్పి ఉండరని గుర్తొచ్చింది. ఫోన్ చేశాను. అటువైపు సాంచాల చప్పుడు, వర్షం రేకుల మీద పడుతున్నట్టు ఎడతెగకుండా.

"అవ్వా, నేను. బ్యాటరీ షాపు. సార్ లేరవ్వా."

"షాపుల లేడా? యాడికి వోయిండు?"

"కాదవ్వా. సార్ పోయిండు."

"గదే బిడ్డా, యాడికి వోయిండంటున్న. గీ సప్పుడుకు ఏం ఇనవడ్తలేదు. జర గట్టిగ జెప్పు."

నా దగ్గర ఇంకా మెత్తటి మాటలు ఉన్నాయి. పుస్తకాల్లో చదివినవి చాలా ఉన్నాయి. వాటిలో ఏదీ ఆ చప్పుడును దాటి పోదని తెలుస్తూనే ఉంది. పక్కన జనం ఉన్నారు. కళ్లు మూసుకుని, నా జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను. "సార్ సచ్చిపోయిండవ్వా."

బస్టాండులో నాలుగు తలలు నావైపు తిరిగాయి. ఒక పెద్దాయన, ఆడపిల్ల నోట ఆ మాటేమిటన్నట్టు చూశాడు. ఫోన్‌లో సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. లైను తెగిపోయిందేమోననుకుంటుండగా గొంతు వినిపించింది.

"ఇనవడ్డది బిడ్డా. గట్లనే చెప్పాలె."

ఇద్దరం ఫోన్ పెట్టలేదు. బస్సు వచ్చి, నిండి, వెళ్లిపోయింది. ఇప్పటికీ నా గొంతు మొదట చిన్నగానే వస్తుంది. కాని అవతలి మనిషికి అందలేదనిపిస్తే ఇంకో మెత్తటి మాట వెతుక్కోను. చెప్పాల్సినదాన్ని దాని పేరుతోనే, వినపడేదాకా చెబుతాను.